నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి

(హనుమకొండలో ఉపాధ్యాయులు, హైస్కూలు, ఇంటర్ విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం రాసే నవలల గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. టీచర్లు ముందు వరుసల్లో కూర్చున్నారు, పిల్లలు గోడ దాకా వెనక్కి జరిగి కూర్చున్నారు. నేను మాట్లాడబోయేది ఆ వెనక వరుస గురించే. అందుకని మైకు ఉన్నా కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

నేను ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ బడుల్లో తెలుగు చెప్తున్నాను. చాలామంది పిల్లల పేర్లు మర్చిపోయాను గానీ ఒక అమ్మాయి చెయ్యి మాత్రం మర్చిపోలేదు. పదో తరగతి. నవ్వినప్పుడల్లా ఎడమ చెయ్యి నోటికి అడ్డం వచ్చేది. మొదట్లో అలవాటేమో అనుకున్నాను. తర్వాత గమనిస్తే పాఠం చదవమని లేపినా అదే. కుడి చేతిలో పుస్తకం, ఎడమ చెయ్యి పెదాల మీద. పేజీ తిప్పాల్సి వస్తే పుస్తకం బల్ల మీద పెట్టేది, కుడి చేత్తోనే పేజీ తిప్పేది, మళ్ళీ పుస్తకం ఎత్తుకునేది. ఎడమ చెయ్యి మాత్రం కదిలేది కాదు. మధ్యాహ్న భోజనం గోడ వైపు తిరిగి తినేది. కారణం ఎత్తు పళ్ళు. ఇంకేమీ లేదు.

ఒకరోజు నేను "చెయ్యి తీసి చదువమ్మా, వినపడట్లేదు" అన్నాను. తీసింది. గొంతు ఆగిపోయింది. క్లాసంతా ఆమె వైపు తిరిగింది. నేను మంచి మాటే అన్నాననుకున్నాను. తర్వాత ఆ నెలంతా ఆ అమ్మాయి తెలుగు పీరియడ్‌లో తల ఎత్తలేదు.

ఆ చెయ్యి నాకు తెలియనిది కాదు. పరకాల దగ్గరి పల్లె నుంచి ఇంటర్‌కి నేను హనుమకొండ వచ్చాను. మొదటి వారంలోనే క్లాసులో లేచి "సార్, గా లెక్క ఇంకోసారి చెప్పుండ్రి" అన్నాను. వెనక నుంచి ఎవరో "గా లెక్క" అని నా గొంతుతో అన్నారు. అందరూ నవ్వారు, లెక్చరర్ కూడా నవ్వారు. ఆ కాలేజీ పేరు, ఆయన పేరు ఇప్పుడు అవసరం లేదు. ఆయనకు ఆ సంగతి గుర్తు కూడా ఉండదు. నేను మాత్రం రెండేళ్లు క్లాసులో డౌట్ అడగలేదు. మా ఊళ్ళో వాగులో ఈత కొట్టినదాన్ని, అమ్మలక్కల పంచాయితీలో నడిమధ్య నిలబడి మాట్లాడినదాన్ని. బ్లాక్ బోర్డు ముందుకొచ్చేసరికి మూగదాన్నైపోయాను. అప్పట్లో నేను పిరికిదాన్నేమో అనుకున్నాను. కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. దాని గురించి కాసేపట్లో చెప్తాను, ఎందుకంటే నేను రాస్తున్న నవలంతా దాని మీదే నిలబడింది.

వెనక కూర్చున్న పిల్లలకు ముందు ఒక విషయం చెప్పాలి. ఎవరూ చూడకపోయినా అందరూ నన్నే చూస్తున్నారని అనిపించడం మీ ఒక్కరి జబ్బు కాదు. 1967లో డేవిడ్ ఎల్కైండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. ఈ వయసు పిల్లలు మనసులో ఒక ప్రేక్షకుల గుంపును ఊహించుకుని, ఎప్పుడూ దాని ముందే బతుకుతుంటారన్నాడు. మొటిమ వచ్చిందంటే ఆ గుంపు చూసింది. చెప్పు తెగిందంటే ఆ గుంపు చూసింది. 2000లో అచ్చైన ఇంకో పరిశోధన ఉంది, కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది. ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు వేసుకోవడం అక్కడి స్టూడెంట్లకు నామోషీ. అది తొడిగించి ఒక్కొక్కరినీ జనం కూర్చున్న గదిలోకి పంపారు. బయటికొచ్చాక "ఎంతమంది ఆ బొమ్మను గుర్తుపట్టి ఉంటారు?" అని అడిగారు. దాదాపు సగం మంది పట్టి ఉంటారన్నారు వీళ్ళు. గదిలో వాళ్ళని అడిగితే నాలుగో వంతు దగ్గరే ఆగింది.

ఈ లెక్క మీకు చెప్పినంత మాత్రాన రేపు బడికెళ్ళేసరికి సిగ్గు పోతుందా? పోదు. నాకు తెలుసు. ఎవరూ చూడట్లేదని ఎవరో చెప్తే నమ్మకం కుదరదు. లోపలి నుంచి తెలియాలి. అక్కడే కథ పనికొస్తుంది. నవల చదివేటప్పుడు ఇంకొకరి తలలో కూర్చుంటాం. తనను అందరూ చూస్తున్నారని కుమిలిపోతున్న అమ్మాయి పక్కన ఇంకో పిల్లవాడు ఉంటాడు. అతను తన పొట్టి ప్యాంటు ఎవరికీ కనపడకుండా కాళ్ళు బల్ల కిందికి లాక్కునే పనిలో ఉంటాడు. ఆమె అతన్ని చూడదు, అతను ఆమెను చూడడు. ఇద్దరినీ చూసేది చదివేవాళ్ళు. ఈ పని పాఠం చెయ్యలేదు, వ్యక్తిత్వ వికాస పుస్తకం కూడా చెయ్యలేదు.

మరి అలాంటి నవలలు మన పిల్లల చేతికి ఎన్ని వస్తున్నాయి? చందమామ 1947లో మొదలైంది. నా తరం వాళ్ళు దాని మీదే చదవడం నేర్చుకున్నారు. ఇప్పటికీ నాకు ఆ బేతాళ కథలంటే ప్రాణం. అయితే ఒక్కటి గమనించండి. శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడిచే విక్రమార్కుడికి తన ముఖం ఎలా ఉందోనన్న ఆలోచన ఒక్కసారి కూడా రాదు. రాజకుమారుడికి బలం కావాలి, తెలివి కావాలి, అవి దొరుకుతాయి. తన గొంతు తనకే నచ్చక నోరు మూసుకున్న రాజకుమారుడు నాకు కనపడలేదు. అక్కడి నుంచి మేం ఒక్క దూకులో అమ్మలు చదివే వారపత్రికల సీరియళ్ళలోకి వెళ్ళిపోయాం. మధ్యలో పదమూడు, పద్నాలుగు, పదిహేను ఏళ్ళున్నాయి. ఆ ఏళ్ళలో మా చేతిలో ఏ పుస్తకం ఉందో గుర్తు చేసుకోండి. గైడు.

1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరు మన హనుమకొండ. నిజాం రాజ్యంలో ఆఫీసులో, బడిలో తెలుగుకు చోటు లేని రోజుల్లో, తెలుగు పుస్తకానికి ఒక ఇల్లు కావాలని మన పెద్దలు పట్టుబట్టారు. ఈ రోజు మన గ్రంథాలయాల్లో పొద్దున్నే కుర్చీల కోసం పోటీ ఉంటుంది, గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివే పిల్లలతో హాలు నిండిపోతుంది. అది చూస్తే నాకు సంతోషమే. పదిహేనేళ్ల పిల్లకు మాత్రం అక్కడ ఒక అర లేదు. చిన్నపిల్లల బొమ్మల కథలున్నాయి, పెద్దల నవలలున్నాయి. మధ్యలో నిలబడ్డ పిల్ల రెండింటినీ చూసి బయటికి వెళ్ళిపోతోంది.

రుద్రమదేవి కథ మన పిల్లలకు మూడో తరగతి నుంచీ చెప్తాం. కొడుకులా పెంచారని, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని రాయించారని చెప్తాం. చిన్న వయసులో మగవేషంలో సభలో కూర్చున్న ఆ పిల్లకు, తన మీదున్న అన్ని కళ్ళ మధ్య గుండె ఎలా కొట్టుకుందో ఎవరైనా రాస్తే చదవాలని నాకు చాలా కోరిక. పక్కదారి పట్టాను, సరే.

సిగ్గుపడే పిల్లల గురించి వచ్చే కథలు ఎక్కువగా ఎలా ముగుస్తాయో మీకు తెలుసు. అద్దాల పిల్ల కళ్ళద్దాలు తీసేస్తుంది, జడ విప్పుకుంటుంది, అందరూ నోరు తెరిచి చూస్తారు. లేకపోతే మాట్లాడటానికే భయపడే కుర్రాడు యాన్యువల్ డే రోజు స్టేజీ ఎక్కి మాట్లాడేస్తాడు. హాలంతా చప్పట్లు, తల్లి కళ్ళ నీళ్ళు. చదివేటప్పుడు నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. పుస్తకం మూసాక మాత్రం మనసు ఒప్పుకోదు. ఎందుకో చాలా రోజులు ఆలోచించాను. ఆ పిల్లను ఇన్నాళ్ళూ భయపెట్టింది ఎవరు? చూసే గుంపు. ఇప్పుడు ధైర్యం ఇచ్చింది ఎవరు? అదే గుంపు. నిన్న నవ్వారు కాబట్టి కుంగిపోయింది, ఈ రోజు చప్పట్లు కొట్టారు కాబట్టి లేచింది. రేపు మళ్ళీ నవ్వితే? ఆ చప్పట్లతో కథ ముగిసిందంటే గెలిచింది గుంపే, పిల్ల కాదు.

ఇది ఎవరినో వేలెత్తి చూపడానికి చెప్పట్లేదు. నా నవల మొదటి ప్రతిలో నేనూ అదే చేశాను.

ఆ నవల గురించి చెప్తాను. అందులో అమ్మాయికి పదిహేనేళ్ళు. పేరు ఇప్పటికి రెండుసార్లు మార్చాను కాబట్టి ఈ రోజు చెప్పను. ఇల్లు వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గర. తల్లి మిర్చి పనికి పోతుంది. సంక్రాంతి దాటాక మిర్చి సీజన్‌లో ఆ మార్కెట్ చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, తెలియని వాళ్ళ కోసం చెప్తాను. కంటికి ఆనినంత దూరం బస్తాలు. గాలి తిరిగిందంటే గేటు దగ్గరున్న వాళ్ళకు కూడా తుమ్ములే. కూలీ ఆడవాళ్ళు కొంగో తువ్వాలో ముక్కు మీదుగా నోటి మీదుగా బిగించి కట్టుకుని, గుట్టల దగ్గర వరసగా కూర్చుంటారు. తాలు కాయ ఒక పక్కకు, మంచి కాయ ఒక పక్కకు. తొడిమెలు తీసే పనైతే ఎడమ చేత్తో కాయ పట్టాలి, కుడి చేతి గోటితో తొడిమె తుంచాలి. సాయంత్రానికి వేళ్ళు మండుతాయి. ఆ చేతులతో కన్ను నలుపుకుంటే ఇక అంతే సంగతులు. ఇంటికెళ్ళి కొబ్బరినూనె రాసుకున్నా రాత్రికి నిద్ర పట్టదు.

ఆదివారాలు ఈ అమ్మాయి తల్లితో పోతుంది. బడిలో నోటి మీద నుంచి చెయ్యి తీయని పిల్లే. అక్కడ మాత్రం అందరి నోళ్ళకీ గుడ్డ కట్టి ఉంటుంది. ఎవరి పళ్ళు ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు. చేతులు రెండూ కాయల మీద ఉన్నాయి. ఇక ఆ పిల్ల ఆపకుండా మాట్లాడుతుంది. సినిమా కథ చెప్తుంది, హమాలీలను అనుకరిస్తుంది, కూలి లెక్కలో తేడా వస్తే ముందు తనే లేచి అడుగుతుంది. ఆ ఆడవాళ్ళ దృష్టిలో ఆమె వాగుడుకాయ. బడిలో టీచర్ల దృష్టిలో నోట్లో నాలుక లేని పిల్ల.

నా గురించి నాకు ఇన్నేళ్ళకు తెలిసింది ఇదే. వాగులో ఈత కొట్టిన పిల్లా, క్లాసులో మూగబోయిన పిల్లా ఇద్దరూ నేనే. ధైర్యం ఎక్కడి నుంచో తెచ్చుకోవాల్సిన అవసరం నాకు ఏనాడూ రాలేదు. ఒకచోట ఉంది, ఇంకోచోటికి వెంట రాలేదు. సిగ్గుపడే పిల్ల గురించి నవల రాసేవాళ్ళు ముందు వెతకాల్సింది ఆ పిల్లకు సిగ్గు లేని చోటు. వంటింట్లోనా, క్రికెట్ గ్రౌండ్‌లోనా, మేకల వెంటనా, తమ్ముడి దగ్గరనా, ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుంది. అది దొరికితే సగం నవల దొరికినట్టే.

మిగతా సగం బతుకమ్మ. పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు మనకు ఊరూవాడా అదే లోకం. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడిపూలు, పైన పసుపు గౌరమ్మ. ఆట ఎలా ఉంటుందో ఒకసారి కళ్ళ ముందుకు తెచ్చుకోండి. అందరూ గుండ్రంగా నిలబడి లోపలికి, బతుకమ్మల వైపు తిరుగుతారు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు ఉయ్యాలో అంటారు. ఒంగి చప్పట్లు కొడుతూ అడుగు పక్కకు వేస్తారు. బయట నిలబడి చూసే జనం ఉంటారు గానీ ఆడేవాళ్ళ కళ్ళు వాళ్ళ మీద ఉండవు. అందులో ఒకరు పెద్ద, ఒకరు చిన్న లేదు. ఇంటి యజమానురాలూ, ఆ ఇంట్లో పని చేసే ఆమె కూడా అదే వరుస. ఇంకొకటి, నోటి మీద ఒక చెయ్యి పెట్టుకుని చప్పట్లు కొట్టడం ఎవరివల్లా కాదు.

మొదటి ప్రతిలో నేనేం రాశానంటే, పద్మాక్షి గుండం దగ్గర సద్దుల నాడు పాట ఎత్తుకునే పెద్దమ్మ గొంతు పోతుంది, అందరూ మౌనంగా నిలబడతారు, అప్పుడు మా అమ్మాయి ముందుకొచ్చి పాట అందుకుంటుంది, జనమంతా ఆమెనే చూస్తారు. చాలా బాగా వచ్చిందనుకున్నాను. మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామెకు ఆ కాగితాలు ఇచ్చాను. మర్నాడు తెచ్చి బల్ల మీద పెట్టి, "గిట్ల ఎక్కడైతది మేడం? అందరు సూస్తుంటే గామెకు ఇంక భయమైతది గని పాట ఎట్ల వస్తది?" అంది. నాకు నోట మాట రాలేదు. ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పినదాన్ని, పద్నాలుగేళ్ల పిల్ల రెండు వాక్యాల్లో నా తప్పు చూపించింది. ఆ అధ్యాయం మొత్తం పక్కన పడేశాను.

ఇప్పుడున్నది వేరు. సద్దుల నాడు అమ్మాయి గుంపుకు దూరంగా, గోడ వారగా నిలబడి ఉంటుంది. మిర్చి పనికొచ్చే ఒక పెద్దమ్మ ఆమెను కళ్ళను బట్టి గుర్తుపడుతుంది. అంతవరకూ ముఖం మొత్తం చూసింది లేదు కదా. "నువ్వేనా బిడ్డా, గుడ్డ లేకుంటే సప్పుడు చేస్తలేవేంది?" అంటుంది. చెయ్యి పట్టి వరుసలోకి లాగుతుంది. పట్టిన చెయ్యి ఎడమది. అంతే. అమ్మాయి అడుగు తప్పుతుంది. పక్కనున్నామె కాలు తొక్కుతుంది. అడుగు చూసుకోవాలి, చప్పట్లు కలవాలి, పాటలో తర్వాతి మాట ఏమిటో వినాలి. ఇన్ని పనులున్నాయి. గంటన్నర తర్వాత సద్దులు పంచుకునేటప్పుడు పెరుగన్నం నోట్లో పెట్టుకుంటూ ఎవరి మాటకో పకపకా నవ్వుతుంది. ఆమె నవ్విందని నేను రాశాను గానీ, చెయ్యి ఎక్కడుందో రాయలేదు. అది చదివే పిల్ల కనిపెట్టాలి.

తర్వాత సోమవారం బడికెళ్తే చెయ్యి మళ్ళీ నోటి మీదికి వస్తుంది. అదీ రాశాను. రాయకపోతే అబద్ధం అవుతుంది. ఒకసారి మాత్రం, పేజీ తిప్పడానికి రెండో చెయ్యి వాడుతుంది.

భాష గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది మన దగ్గర పళ్ళకంటే, మొటిమలకంటే పెద్ద విషయం. కాళోజీ నారాయణరావు గారు ఈ ఊళ్ళో తిరిగిన మనిషి. 1914 సెప్టెంబర్ 9న పుట్టారు, ఆ రోజునే మనం తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. బడిలో నేర్పే పలుకుల కన్నా జనం పలుకుబడి గొప్పదని ఆయన జీవితమంతా చెప్పారు. సెప్టెంబర్ 9న ఆ మాట మైకులో చెప్తాం. 10వ తేదీ క్లాసులో పిల్ల "అచ్చిన సార్" అంటే "వచ్చాను అనాలి" అని దిద్దుతాం. రాత పరీక్షలో ఏది రాయాలో నేర్పాలి, కాదనను. నేనూ నేర్పుతాను. పిల్ల నోరు తెరిచిన మొదటి క్షణంలో మాత్రం దిద్దకండి. ఆ క్షణంలో ఆమె మనకు చెప్పబోయిన విషయం వేరే ఉంది. నవలలో కూడా అంతే. కథ చెప్పే వాక్యం ఎలా ఉన్నా, మా అమ్మాయి, ఆమె తల్లి, ఆ పెద్దమ్మ వాళ్ళ మాటే మాట్లాడతారు. పుస్తకంలో తన మాట అచ్చులో చూసుకున్న పిల్ల, ఇది తప్పు మాటైతే అచ్చెందుకు వేస్తారని ఒక్కసారైనా అనుకుంటుంది.

మగపిల్లలు అక్కడ చిన్నబుచ్చుకున్నట్టున్నారు. మీ సంగతీ నాకు తెలుసు. గొంతు మారేటప్పుడు హాజరు పలకడానికి కూడా టెన్షన్. మీసం వచ్చిందని ఒకడికి బాధ, రాలేదని ఇంకొకడికి బాధ. నల్లగా ఉన్నావంటారు, సన్నగా ఉన్నావంటారు, మగవాడివి నీకేం సిగ్గు అంటారు. మీ గురించి రాయాల్సింది చాలా ఉంది, అది మీలో ఎవరైనా రాస్తే నాకంటే బాగా వస్తుంది.

ఫోన్ గురించి టీచర్లు అడుగుతారని తెలుసు. ఫోన్ ముందు వైపున్న కెమెరా అనేది జేబులో పెట్టుకు తిరిగే అద్దం. మా కాలంలో ఊహించుకున్న గుంపు ఇప్పుడు లైకుల అంకెగా కనపడుతోంది. పిల్లల్ని తిట్టి లాభం లేదు, దాన్ని కూడా కథలోకి తేవాలి. నేను ఇంకా సరిగ్గా తేలేకపోయాను.

టీచర్లకు నా విన్నపం ఒక్కటే. పేర్లు పెట్టకండి. పొట్టోడా, తాటిచెట్టూ, నల్లపిల్లా అని ప్రేమగానే అంటాం. నేనూ అన్నాను. ప్రేమగా పెట్టిన పేరు కూడా ఆ పిల్లకు ఇరవై ఏళ్ళ పాటు అంటుకుని ఉంటుంది.

వెనక వరుస పిల్లలూ, మీతో ఒక పని ఉంది. నవల పదకొండు అధ్యాయాలు జిరాక్స్ తీయించి తెచ్చాను, తలుపు పక్క టేబుల్ మీద ఉన్నాయి. పెన్సిళ్ళు కూడా పెట్టాను. తీసుకెళ్ళండి. ఎక్కడ "గిట్ల ఎక్కడైతది" అనిపించిందో అక్కడ గీత గీయండి. పేరు రాయాల్సిన పని లేదు. నా ముందుకొచ్చి ఇవ్వాల్సిన పని కూడా లేదు, చదివాక ఇక్కడి లైబ్రరీ కౌంటర్ మీద పెట్టి వెళ్ళండి. వచ్చే నెల మొదటి ఆదివారం నేనే వచ్చి తీసుకుంటాను. ఏడో అధ్యాయం నాకే అనుమానంగా ఉంది, దాన్ని కొంచెం గట్టిగా చూడండి.